ఫ్రీలాన్స్ పేరుతో ఇంకో ఆజాద్ వీసా అమ్మకండి



ఈసారి జీతాల సంగతి, క్యాంపులో నీళ్ళ సంగతి పక్కన పెట్టి ఒక పోస్టర్ గురించి రాస్తున్నా. మీరందరూ చూసిందే. "కూలి పని ఇక చాలు. 90 రోజుల్లో వెబ్‌సైట్ డెవలపర్ అవ్వండి. రూములో కూర్చుని ఫ్రీలాన్సింగ్‌తో నెలకు 500 దినార్లు" అని పైన పెద్దక్షరాలు. కింద ఒక కుర్రోడు సముద్రం ఒడ్డున లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నవ్వుతుంటాడు. ఆ ఎండలో లాప్‌టాప్ స్క్రీన్ కనపడదని కూడా బొమ్మ వేసినోడికి తెలియదు. ఫీజు 60 దినార్లు, ఈ వారంలో కడితే 45. ఇంటి పని చేసే మన అక్కచెల్లెళ్ళకు కువైట్ సర్కారు 2016లో పెట్టిన కనీస జీతం కూడా 60 దినార్లే. ఒక నెలంతా పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా చేసిన చాకిరీ ఒక లింకు నొక్కితే పోతుందన్నమాట.

ఈ పోస్టర్ రెండు నెలల్లో మన గ్రూప్‌లోనే ఏడుసార్లు వచ్చింది. వేసింది బయటోళ్ళు కాదు, మనోళ్ళే. ఎందుకు వేస్తున్నారో కిందికి పోయేకొద్దీ చెప్తా.

ముందే ఒక మాట. "కూలోడికి కంప్యూటర్ ఎందుకు" అనే రకం కాదు నేను. ఆ మాట అన్న పెద్దమనుషులతో ఈ గ్రూప్‌లోనే వాదన పెట్టుకున్నా. పదో తరగతి చదివి, హెల్పర్‌గా దిగి, ఇటుకలు మోసి, ఈరోజు డ్రాయింగ్ చదివి నలభై మందితో పని చేయిస్తున్నా. పని నేర్చుకోవడం అంటే ఏందో నాకు తెలుసు. వెబ్‌సైట్ చేయడం కూడా బేల్దారి పని లాంటిదే. కూర్చుని నేర్చుకుంటే వస్తుంది, దాని మీద ఇల్లు నడుపుకునేవాళ్ళు ఉన్నారు. నా కోపం ఆ పని మీద కాదు. దాన్ని మనకు ఏం చెప్పి అమ్ముతున్నారో దాని మీద.

వాళ్ళు అమ్మేది చదువు కాదు. ఆజాద్ వీసా.

ఊర్లో ఏజెంటు ఏం చెప్పేవాడు? "ఏ కఫీల్ కిందా ఉండక్కర్లేదు, నచ్చిన చోట పని చేసుకో, నచ్చినంత సంపాదించుకో." అప్పు చేసి లక్షలు కట్టి వచ్చారు మనోళ్ళు. వచ్చినాక తెలిసింది, కువైట్ చట్టంలో ఆజాద్ అనే వీసా లేనే లేదని. ఉన్నది షూన్ వీసా, ఖాదిం వీసా, అట్లాంటివి. ఇకామా ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ దగ్గరే పని. 2018లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆమ్నెస్టీ ఇచ్చారు. 2020 ఏప్రిల్‌లో ఇంకోసారి. మళ్ళీ 2024 మార్చి 17 నుంచి జూన్ ఆఖరు దాకా. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల మనుషులు సంచులు చేత పట్టుకుని లైన్లో నిలబడింది మనం చూశాం. అక్కడ ఎవర్ని కదిలించినా "ఆజాద్ అన్నారన్నా" అనే మాట వచ్చేది.

ఇప్పుడు పోస్టర్ మళ్ళీ చదవండి. "బాస్ లేడు, నచ్చినప్పుడు పని, నచ్చినంత సంపాదన." మాట అదే. వీసా కాగితం పోయి లాప్‌టాప్ వచ్చింది, అంతే.

మా సైట్‌లో స్టీల్ ఫిక్సర్ పిల్లోడు ఒకడున్నాడు. పేరు వద్దు, ఊరు వద్దు. ఇంటర్ పాసయ్యాడు, చురుకైనోడు. 45 దినార్లు కట్టాడు. వచ్చింది ఏంది? ముందే తీసి పెట్టిన ఇంగ్లీషు వీడియోలు, ఒక వాట్సాప్ గ్రూప్. గ్రూప్‌లో డౌట్ అడిగితే "వీడియో మళ్ళీ చూడండి" అని జవాబు. రెండో నెల సర్టిఫికెట్‌కు 30 దినార్లు వేరే అన్నారు. మూడో నెల కస్టమర్లను ఎట్ల పట్టుకోవాలని అడిగితే, మీ ఏరియాలో షాపులకు పోయి అడగమన్నారు. కువైట్‌లో, షూన్ వీసా మీద ఉన్నోడిని, జుమ్మా రోజు ఫర్వానియాలో షాపులు తిరగమన్నారు!

తిరిగాడు పాపం. బకాలావాళ్ళు నవ్వారు. వాళ్ళకు వాట్సాప్‌లో ఆర్డర్లు వస్తున్నాయి, చాలు. ఇక్కడ ఇంట్లో కేకులు చేసి అమ్మే ఆడవాళ్ళకు కూడా ఇన్‌స్టాగ్రామే దుకాణం. ఆఖరికి ఒక సెలూన్ ఆయన ఒప్పుకున్నాడు. 80 దినార్లు మాట, 20 అడ్వాన్స్. పిల్లోడు రాత్రి పన్నెండు దాకా పై బెర్త్ మీద తల తగలకుండా వంగి కూర్చుని పని చేశాడు. రంగు మార్చు, ఫోటోలు మార్చు, అరబిక్ కూడా పెట్టు, బుకింగ్ కూడా పెట్టు. రెండున్నర నెలలు. మిగిలిన 60 అడిగితే సెలూన్ ఆయన అన్న మాట వినండి: "నీ ఇకామా ఏ కంపెనీది? పోయి షూన్‌లో కంప్లైంట్ చేసుకో."

ఇరుక్కున్నది ఇక్కడే. మన కంపెనీ జీతం ఆపితే మ్యాన్‌పవర్ అథారిటీకి పోవచ్చు, మన దగ్గర వర్క్ పర్మిట్ ఉంది, కాంట్రాక్ట్ ఉంది. బయట చేసిన పనికి డబ్బు రాలేదని పోతే, బయట పని చేశానని మనమే రాసిచ్చినట్టు. 2025 జనవరి 5 నుంచి కొత్త రెసిడెన్సీ చట్టం వచ్చింది. ఒకరి పేరు మీద ఉన్న మనిషిని పర్మిషన్ లేకుండా ఇంకొకరు పనిలో పెట్టుకోవడం దాని ప్రకారం తప్పు, వీసాల వ్యాపారం నేరం. పిల్లోడు నోరు మూసుకుని వచ్చేశాడు. పోస్టర్ వేసినోడు ఈ చట్టం గురించి ఒక్క వీడియోలోనూ ఒక్క ముక్క చెప్పలేదు. నేను కూర్చుని మొత్తం చూశా.

దీనికి కొంతమంది అనేది, "పార్ట్ టైం పర్మిట్ ఉంది కదన్నా" అని. ఉంది. 2024 జనవరి నుంచి సహెల్ యాప్‌లో ఇస్తున్నారు. నెలకు 5 దినార్లు, మూడు నెలలకు 10, ఆరు నెలలకు 20, ఏడాదికి 30. రోజుకు నాలుగు గంటలకు మించకూడదు, మన కాంట్రాక్టింగ్ పనికి మాత్రం ఆ నాలుగు గంటల లెక్క లేదు. కానీ అది ఏంది? ఇంకో యజమాని దగ్గర కొన్ని గంటలు పని చేయడానికి మన కంపెనీ ఒప్పుకుని ఇచ్చే పర్మిషన్. నీ సొంత షాపు తెరిచి పదిమందికి బిల్లులు వేసుకోవడానికి కాదు. పార్ట్‌నర్‌గా చేరదామంటే, షూన్ వీసా వాళ్ళు కంపెనీల్లో వాటాదార్లుగా చేరడాన్ని 2024లో వాణిజ్య శాఖ ఒకసారి ఆపింది. ఇన్ని గోడలున్న చోట నిలబెట్టి "బాస్ లేని బతుకు" అని పాట పాడుతున్నారు.

ఇంకో దారి చెప్తారు. కువైట్ కస్టమర్లు వద్దు, అప్‌వర్క్‌లో, ఫైవర్‌లో అమెరికా కస్టమర్లను పట్టు అని. ఆ రెండూ నిజమైనవే, పని దొరికేవే. కానీ అవి మన ఊర్లో పొద్దున ఆరింటికి సెంటర్‌లో నిలబడే కూలీల అడ్డా లాంటివి. తేడా ఒక్కటే, ఆ అడ్డాలో ప్రపంచం మొత్తం నిలబడి ఉంటుంది. మేస్త్రికి ముఖం తెలిసినోడు ముందు పోతాడు, కొత్తోడు పదింటి దాకా నిలబడి ఇంటికి పోతాడు. ఫైవర్‌లో 50 డాలర్ల పని దొరికితే 10 డాలర్లు వాళ్ళు పట్టుకుంటారు, నూటికి 20. అప్‌వర్క్‌లో పనికి అప్లై చేయడానికే కనెక్ట్స్ అని టోకెన్లు కొనాలి, ఒక్కోటి 15 సెంట్లు. ఒక్కో పనికి పదికి పైగా కూడా అడుగుతుంది. పని వచ్చినా రాకపోయినా ఆ డబ్బు పోయినట్టే. అడ్డాలో నిలబడినందుకు కూడా కూలీ దగ్గర డబ్బు తీసుకుంటే ఎట్లుంటుందో ఊహించుకోండి. అక్కడ నెగ్గినోళ్ళు లేరా అంటే ఉన్నారు. మూడు, నాలుగేళ్ళు చిన్న చిన్న పనులు చేసి మంచి పేరు తెచ్చుకున్నోళ్ళు. 90 రోజులవాళ్ళు కాదు.

ఇకామా మీద ఉన్నన్నాళ్ళు అట్లాంటి సంపాదన ఇక్కడ కూర్చుని మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పను. నేర్చుకోండి, చేతికి అలవాటు చేసుకోండి. బిల్లు మాత్రం వేయొద్దు.

టైం సంగతి. ఆ వీడియోలో ఒకాయన అంటాడు, జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 దాకా బయట పని చేయించకూడదనే రూలు ఉంది కదా, ఆ ఐదు గంటలు కోడింగ్ నేర్చుకోండి అని. ఆయన ఎప్పుడైనా సైట్ ముఖం చూశాడా? తెల్లారి మూడున్నరకు లేచి బస్సెక్కినోడు ఆ టైంలో కళ్ళు మూయకపోతే సాయంత్రం స్కాఫోల్డింగ్ మీద నుంచి కింద పడతాడు. నా కింద పని చేసేవాళ్ళలో మధ్యాహ్నం ఫోన్ చూసి సాయంత్రం తూలినోడిని నేను పైకి ఎక్కనివ్వను. ఎవడి కోర్సు కోసమైనా సరే. ఇళ్ళలో పని చేసే అక్కచెల్లెళ్ళకు 2015 నాటి 68వ నంబర్ చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికి ఒక రోజు సెలవు. ఆ ఒక్క రోజు కూడా ఎంతమందికి దక్కుతోందో మీకే తెలుసు. ఆ సెలవు మీద వీళ్ళు ఫీజు లెక్క కడుతున్నారు.

సరే, తిట్టడం అయింది. ఈ పనిలో నిజంగా డబ్బు యాడ ఉందో చెప్తా, ఎందుకంటే వాళ్ళు దాచింది అదే.

పేజీ చేయడంలో డబ్బు లేదు. వర్డ్‌ప్రెస్ అని ఉంది, 2003 నుంచి ఉంది, ఫ్రీ. ప్రపంచంలో ప్రతి పది వెబ్‌సైట్లలో నాలుగుకు పైగా దాని మీదే నడుస్తున్నాయి. విక్స్ లాంటి వాటిలో బొమ్మలు లాగి పెడితే సైట్ తయారు. ఇప్పుడు ఏఐకి తెలుగులో చెప్పినా పది నిమిషాల్లో ఒక పేజీ రాసిస్తోంది. ఇటుక మీద ఇటుక పెట్టేదానికి మిషన్ వచ్చేసింది. అయినా కాంట్రాక్టరుకు డబ్బు ఎందుకిస్తారు? గోడ నిలబడుతుందని పూచీ పడతాడు కాబట్టి. కారితే వచ్చి చూస్తాడు కాబట్టి.

వెబ్‌సైట్ అనేది సొంత స్థలంలో కట్టిన ఇల్లు కాదు, అద్దె స్థలంలో కట్టింది. పేరు, అంటే డొమైన్, ఏడాదికోసారి డబ్బు కట్టి తిప్పించుకోవాలి. ఇండియాలో మామూలు పేరుకు వెయ్యి రూపాయలు అటూ ఇటూ. సైట్ ఉండే జాగా, హోస్టింగ్, దానికీ ఏడాది అద్దె. కట్టడం మరిస్తే ఒక పొద్దున సైట్ ఉండదు. లోపల వాడిన సామాన్లకు అప్‌డేట్లు వస్తుంటాయి, చేయకపోతే దొంగలు దూరతారు. స్కూలు ఫీజులు మారతాయి, డాక్టరు టైమింగ్ మారుతుంది, పెళ్ళి మంటపం రేటు మారుతుంది. ఇవన్నీ ఎవరో ఒకరు చూడాలి. ఆ చూసేదానికి నెల నెలా ఇచ్చే డబ్బు మీదే ఫ్రీలాన్స్ వ్యాపారం నిలబడుతుంది. కొత్త సైటు ఒకటి 12,000కు చేశాడనుకోండి, వచ్చే నెల మళ్ళీ కొత్తోడిని వెతకాలి. అదే ఇరవైమంది పాత కస్టమర్లు నెలకు 800 చొప్పున ఇస్తే 16,000, కొత్త పని ఒక్కటి రాకపోయినా వస్తుంది. ఆ ఇరవైమంది పోగవడానికి నా లెక్కలో రెండు, మూడేళ్ళు పడుతుంది. ముప్పైకి పెరిగితే ఊర్లో ఒక కుటుంబం గౌరవంగా బతుకుతుంది. 500 దినార్లు కాదు. కానీ పెళ్ళాంపిల్లల మధ్య ఉండి తినే కూడు.

ఇంకోటి. ఇందులో మనకు పనికొచ్చేది మనకు ముందే తెలుసు, అది మాత్రం ఎవడూ గుర్తు చేయడు. సబ్ కాంట్రాక్ట్ పని చూసిన ప్రతి మేస్త్రికీ తెలుసు. పని మొదలుకాకముందే ఏమేం చేయాలో కాగితం మీద రాసుకోవాలి, ఎన్ని పేజీలు, ఏ భాష, ఫోటోలు ఎవరిస్తారు. అడ్వాన్స్ లేకుండా మట్టి తీయకూడదు. పునాదికి ఇంత, స్లాబుకు ఇంత అని రన్నింగ్ బిల్లు వేసినట్టు, డిజైన్ ఒప్పుకున్నాక ఇంత, నింపినాక ఇంత. డ్రాయింగ్‌లో లేనిది అడిగితే ఎక్స్‌ట్రా ఐటెం, దానికి వేరే రేటు, వేరే సంతకం. అప్పజెప్పే రోజు మిగిలినదంతా చేతికొచ్చాకే తాళం. మా స్టీల్ ఫిక్సర్ పిల్లోడికి కోడ్ రాయడం వచ్చింది, ఇవి రాలేదు. బుకింగ్ పెట్టు అన్నప్పుడే "అది ఎక్స్‌ట్రా" అని ఉంటే సెలూన్ ఆయన అప్పుడే బయటపడేవాడు. 45 దినార్ల కోర్సులో బిల్లు ఎట్ల వేయాలో ఒక్క పాఠం లేదు. వ్యాపారం నేర్పుతామని చెప్పి వ్యాపారం ఒక్కటే వదిలేశారు.

డొమైన్ గురించి ఒక మాట పక్కన పెట్టి చెప్పాలి. కొంతమంది డెవలపర్లు కస్టమర్ సైట్ పేరును తమ పేరు మీద తీసి పెట్టుకుంటారు, వాడు ఎప్పటికీ వేరేచోటికి పోకుండా. పాస్‌పోర్ట్ బీరువాలో పెట్టి తాళం వేసుకునే కఫీల్‌ను మనం తిట్టుకుంటాం కదా. ఇదీ అదే. డొమైన్ కస్టమర్ పేరు మీద, కస్టమర్ ఈమెయిల్ మీద తీయండి. తాళం చేతిలో ఉండి కూడా మీ దగ్గరే ఉన్నోడే కస్టమర్.

ఎవరికి చేయాలి అంటే, ఊర్లో. అందరికీ కాదు. గల్లీలో కిరాణా కొట్టుకు వెబ్‌సైట్ ఎందుకు? దానికి గూగుల్ మ్యాప్‌లో షాపు పేరు పెట్టుకోవడం చాలు, అది ఫ్రీ. ఆ ఫ్రీ పనిని వెబ్‌సైట్ అని చెప్పి డబ్బు గుంజకండి. మన సర్కారే 2025 జనవరిలో మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోకి వచ్చేసింది, సర్టిఫికెట్లు అక్కడే ఇస్తోంది. వాట్సాప్‌తో సరిపోయేవాడికి వాట్సాప్‌తో సరిపెట్టాలి. బయటి ఊరి మనిషి వెతుక్కుంటూ వచ్చే వ్యాపారానికే వెబ్‌సైట్ కావాలి. కడియం నర్సరీలు ఉన్నాయి, పక్క రాష్ట్రాల నుంచి లారీలు వచ్చి మొక్కలు ఎత్తుకుపోతాయి. రైల్వేకోడూరులో అరటి, బొప్పాయి, మామిడి తోటలవాళ్ళు, మొక్కల వ్యాపారులు. ఒంటిమిట్టకు వచ్చే భక్తులకు గదులిచ్చేవాళ్ళు. ధర్మవరంలో చీరల మగ్గాలవాళ్ళు. రాయచోటిలో, రాజంపేటలో గల్ఫ్‌లో ఉన్న తల్లిదండ్రులు ఇక్కడి నుంచే చూసుకుని పిల్లల్ని చేర్పించే స్కూళ్ళు. ఆ ఆఖరిది మనకు వేరే ఎవరికన్నా బాగా తెలుసు. ఫీజు ఎంత, హాస్టల్ ఉందా, నెలకోసారి మార్కులు ఎట్ల తెలుస్తాయి అని ఫోన్ చేసి చేసి విసిగినోళ్ళం మనమే కదా. ఏం పెట్టాలో హైదరాబాద్ డెవలపర్‌కు తెలియదు, మహబూలాలో ఉన్న నాన్నకు తెలుసు.

అందుకే నేను చెప్పే దారి వేరే. వ్యాపారం ఊర్లో, ఊర్లో ఉన్న మనిషి పేరు మీద. చాలా ఇళ్ళలో డిగ్రీ అయ్యి ఉద్యోగం లేక ఖాళీగా ఉన్న తమ్ముడో, చెల్లెలో, కూతురో ఉంటుంది. వాళ్ళు నేర్చుకోవాలి, వాళ్ళు చేయాలి, డబ్బు వాళ్ళ అకౌంట్లో పడాలి. మనం సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనిచ్చి, రెండేళ్ళు ఓపిక పట్టి, బిల్లు ఎట్ల వేయాలో, అడ్వాన్స్ ఎట్ల అడగాలో ఫోన్‌లో నేర్పాలి. మనం క్యాన్సిల్ కొట్టి ఇంటికి పోయే నాటికి పదిమంది కస్టమర్లు ఉంటే, అప్పుడు మనమూ అందులో దిగొచ్చు. ఆటో కొంటా, బర్రెలు కొంటా అని పోయి, ఏడాదికే మళ్ళీ వీసాకు డబ్బులు కట్టినోళ్ళు ప్రతి ఊర్లో ఉన్నారు. ముందే నడుస్తున్న వ్యాపారంలోకి దిగడం వేరు.

నేర్చుకునేదానికి డబ్బు కట్టాల్సిన పని లేదు. ఫ్రీకోడ్‌క్యాంప్ 2014 నుంచి ఉంది, మొత్తం ఫ్రీ, సర్టిఫికెట్ కూడా ఫ్రీనే. డబ్ల్యూ3స్కూల్స్‌లో ఒక్కో ముక్క రాసి అక్కడే చూసుకోవచ్చు. యూట్యూబ్‌లో తెలుగులో హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ మూడూ చెప్పేవాళ్ళున్నారు. ముందు ఆ మూడు, తర్వాత వర్డ్‌ప్రెస్. నేర్చుకున్నాక మొదటి సైట్ మీ ఊరి గుడికో, మీరు చదివిన బడికో ఊరికే చేసి పెట్టండి, అదే మీ నమూనా గోడ. దాన్ని ఏడాదిపాటు పడిపోకుండా నడిపితే, అప్పుడు రెండో మనిషిని డబ్బు అడగండి. గోడ కట్టి క్యూరింగ్ చేయనోడిని మేస్త్రి అనరు.

ఇంకొకటి జాగ్రత్త. "కంప్యూటర్ పని, విదేశంలో, టికెట్ మాదే" అని వచ్చే మెసేజ్‌లు. డేటా ఎంట్రీ ఉద్యోగమని మన ఆంధ్రా కుర్రోళ్ళను కంబోడియాకు తీసుకుపోయి, అక్కడ గదుల్లో పెట్టి సైబర్ మోసాలు చేయించిన సంగతిని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. వాళ్ళూ కంప్యూటర్ పని అన్న మాటకే వెళ్ళారు. అట్లనే, "నీ బ్యాంక్ అకౌంట్‌లో మా ఫ్రీలాన్స్ డబ్బు వేస్తాం, కమీషన్ తీసుకుని మిగతాది పంపు" అంటే ఎవరికీ ఒప్పుకోకండి. కేసు అకౌంట్ ఎవరిదో వాళ్ళ మీదే పడుతుంది. ముందు డిపాజిట్ కడితే పని ఇస్తామనేది ఏదీ పని కాదు.

ఇప్పుడు మన గ్రూప్ సంగతి. ఏడుసార్లు పోస్టర్ ఎందుకొచ్చింది? చేర్పించిన ప్రతి మనిషికి 8 దినార్లు కమీషన్. ఆ లింకు చివర ఉండే అంకెలు ఎవరు చేర్పించారో తెలియడానికే. వీసా అమ్మిన ఏజెంటును తిట్టుకుంటూ తిరిగే మనం, అదే ఏజెంటు పనిని వాట్సాప్‌లో చేస్తున్నాం. "నేను మంచికే పెట్టానన్నా, ఎవరికైనా ఉపయోగపడుతుందని" అని ఒక తమ్ముడు నాకు ఫోన్ చేసి చెప్పాడు. సరే తమ్ముడూ, మంచికే అయితే ఫ్రీకోడ్‌క్యాంప్ లింకు ఎందుకు పెట్టలేదు? దానికి 8 దినార్లు రావు కాబట్టి.

"నువ్వు సూపర్‌వైజరువి, నీ జీతం బాగుంది, మా ఆశ మీద మన్ను పోస్తావా" అని ఇంకొకరు రాశారు. ఆశ మీద నేను మన్ను పోయడం లేదు. ఆశకు పునాది తీయమంటున్నా. పునాది లేకుండా స్లాబ్ పోయమని ఎవడైనా మా సైట్‌కు వస్తే, వాడు ఎంత పెద్ద సూటు వేసుకొచ్చినా నేను మిక్సర్ ఆన్ చేయను.

అడ్మిన్లకు నా డిమాండ్లు ఇవి. ఫీజు తీసుకునే ఏ కోర్సు పోస్టర్ అయినా గ్రూప్‌లోకి రావాలంటే, పెట్టిన మనిషి నాలుగు ప్రశ్నలకు రాతలో జవాబు ఇవ్వాలి. మీకు ఇందులో కమీషన్ ఎంత? పోయిన ఏడాది ఇందులో చేరి ఇప్పుడు నెల నెలా సంపాదిస్తున్న ఒక మనిషిని మాతో మాట్లాడిస్తారా? షూన్, ఖాదిం వీసాల మీద ఉన్నోళ్ళు కువైట్‌లో కస్టమర్ల దగ్గర డబ్బు తీసుకోవచ్చని మీరు సంతకం పెట్టి చెప్తారా? మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా? జవాబు రాకపోతే పోస్టర్ డిలీట్, రెండోసారి పెడితే మనిషి రిమూవ్.

మన గ్రూప్‌లో చేరి మోసపోయినోళ్ళు నాకు తెలిసి పదకొండు మంది. ఎవరి లింకు మీద చేరారో వాళ్ళ దగ్గర స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. ఇప్పుడే పేర్లు బయట పెట్టను. వచ్చే జుమ్మా లోపల ఆ 8 దినార్లు ఎవరెవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేయండి. మాలియాలో మనం కూర్చునే చోటికి నేను సాయంత్రం ఐదింటికి వస్తా, లాప్‌టాప్ కూడా తెస్తా. ఇంటి దగ్గర తమ్ముడికో చెల్లికో ఈ పని నేర్పించాలనుకునేవాళ్ళు వస్తే మొదటి పాఠం యాడ దొరుకుతుందో అక్కడే చూపిస్తా. ఫీజు లేదు. చాయ్ డబ్బులు ఎవరివి వాళ్ళవే.